పెరటి నేల మీద పచ్చని రేకులు: చిన్ని లివర్‌వర్టులకు తోటలో చోటు

వానలు మొదలైన కొన్ని వారాలకు, మొక్కల మధ్య ఖాళీగా మిగిలిన నేల మీద చిన్న చిన్న పచ్చని బిళ్లలు తేలతాయి. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత ఉంటుంది, కొన్ని అందులో సగం కూడా ఉండవు. నేలను కరుచుకుని, మధ్య నుంచి అంచు వైపు రెండు పాయలుగా చీలి, ఆ పాయలు మళ్లీ రెండేసిగా చీలి, ముగ్గులోని పువ్వులా పరుచుకుంటాయి. తోటపని చేసేవారిలో ఎక్కువమంది దీన్ని ‘పాచి’ అనే ఒక్క మాటతో తీసిపారేస్తారు. బొరిగె చేతిలో ఉంటే గీకేస్తారు. కానీ అది పాచి కాదు. వేరు, పువ్వు, విత్తనం ఏవీ లేకుండానే నేల మీద బతుకు సాగించే అచ్చమైన మొక్క. దాని పేరు రిక్సియా. లివర్‌వర్టులు అనే పెద్ద సమూహంలో అది ఒక చిన్న సభ్యురాలు.

ఈ సమూహంలో ప్రపంచమంతటా కలిపి ఏడు వేలకు పైగా జాతులున్నాయి. మాస్ మొక్కలు, హార్న్‌వర్టులతో కలిపి వీటిని బ్రయోఫైట్లు అంటారు. లివర్‌వర్టులవేనని గట్టిగా చెప్పదగిన శిలాజాలు దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికాయి. అప్పటికి పువ్వు పూసే మొక్క భూమి మీద ఒక్కటీ లేదు. ఇంత పాత వంశానికి తోటల పుస్తకాల్లో దొరికే చోటు మాత్రం సాధారణంగా కలుపు మొక్కల అధ్యాయంలోనే, అదీ ఎలా చంపాలో చెప్పే పేరాలోనే. ఆ అంచనా ఒకటి రెండు జాతుల విషయంలో కొంతవరకు నిజం. మిగతా వేల జాతుల విషయంలో అది అన్యాయం. ఈ చిన్న మొక్కలకు తోటలో చోటు కల్పించడానికి కొనడం, నాటడం అవసరం లేదు. అవి చాలావరకు ఆ మట్టిలోనే ఉన్నాయి. ఏ పని మానితే అవి బతుకుతాయో, ఏ పని చేస్తే వాటికి వెలుతురు దక్కుతుందో తెలిస్తే చాలు. అది తెలియాలంటే ముందు వాటి బతుకు తీరు తెలియాలి.

పేరు సంగతి మొదట. ‘లివర్’ అంటే కాలేయం. ‘వర్ట్’ అనేది మొక్కకు పాత ఇంగ్లీషు మాట. మొక్క ఏ అవయవాన్ని పోలి ఉంటే ఆ అవయవ రోగానికి అదే మందు అని ఒకప్పుడు యూరప్‌లో బలంగా నమ్మేవారు. నేల మీద తమ్మెలు తమ్మెలుగా పరుచుకున్న ఈ ఆకారం వారికి కాలేయంలా కనిపించింది. ఆ నమ్మకానికి ఆధారం లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది. లివర్‌వర్టుల్లో అందరికీ తెలిసిన మార్కాంషియా పేరు వెనుక ఇంతకంటే ముచ్చటైన కథ ఉంది. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త జాఁ మార్షాఁ 1713లో తన తండ్రి నికొలా మార్షాఁ పేరు మీదుగా ఈ మొక్కకు ఆ పేరు పెట్టాడు. తండ్రీ వృక్షశాస్త్రవేత్తే.

గుర్తుపట్టడం అనుకున్నంత కష్టం కాదు. వేలితో రుద్దితే జిగటగా జారిపోయి, అంచంటూ లేకుండా పూతలా ఉంటే అది శైవలాల పాచి. సూదుల్లాంటి చిన్న కాండాలు గుంపుగా నిలబడి, ప్రతి కాండం చుట్టూ మొనదేలిన ఆకులు ఉంటే, ఆ ఆకు నడుమ ఈనె కూడా కనిపిస్తే అది మాస్. నేలకు అతుక్కున్న రేకులోంచి కొమ్ముల్లా పచ్చని పోగులు నిటారుగా లేస్తే హార్న్‌వర్టు. లివర్‌వర్టులు రెండు రూపాల్లో ఉంటాయి. ఒకటి పైన చెప్పిన రిక్సియాలా, మార్కాంషియాలా కాండం, ఆకు అన్న తేడా లేని పచ్చని రేకు. దీన్ని థాలస్ అంటారు. పుస్తకాల్లో బొమ్మలు వేసేది ఎక్కువగా ఈ రూపానికే. కానీ లివర్‌వర్టుల్లో నూటికి ఎనభైకి పైగా జాతులది రెండో రూపం. వీటికి సన్నని కాండం, దానికి అటూ ఇటూ రెండు వరుసల్లో చిన్న ఆకులు ఉంటాయి. చెట్టు బెరడు మీదో, రాతి మీదో, తడి మట్టి గట్టు మీదో జడ అల్లినట్టుగా పాకుతాయి. ఆకు మందం ఒకే ఒక కణం. ఈనె ఉండదు. కొన ఒక్కోసారి రెండుగా చీలి ఉంటుంది. కాండాన్ని తిరగేసి చూస్తే చాలా జాతుల్లో అడుగున మరో వరుస బుల్లి ఆకులు కనిపిస్తాయి. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే ఇవన్నీ తేటగా తెలుస్తాయి. అది లేకపోతే వీటిని మాస్ అనుకుని దాటిపోవడమే జరుగుతుంది.

చిన్నతనం కూడా ఇక్కడ సాపేక్షమే. మార్కాంషియా రేకు వేలి వెడల్పు ఉండవచ్చు. సెఫలోజియెల్లా అనే ఆకు లివర్‌వర్టు కాండం మాత్రం దారపు పోగు కంటే సన్నగా ఉంటుంది. మట్టి మీద అది పచ్చని నీడ పడినట్టు కనిపిస్తుందే తప్ప, భూతద్దం లేకుండా మొక్క అని ఎవరికీ తోచదు.

వీటి బతుకంతా నీటి చుట్టూ తిరుగుతుంది. వేళ్లు లేవు. అడుగున ఒక్కొక్కటి ఒకే కణంతో ఏర్పడిన సన్నని మూలతంతువులు ఉంటాయి, వాటి ముఖ్యమైన పని పట్టు ఇవ్వడం. నీటిని ఒళ్లంతా పీల్చుకుంటుంది, ఒళ్లంతా కోల్పోతుంది. నేల మీది మొక్కల్లో పత్రరంధ్రాలు బొత్తిగా లేని సమూహం ఇదొక్కటే. మార్కాంషియా రేకు మీద చుక్కల్లా కనిపించే గాలి రంధ్రాలు ఉన్నాయి కానీ, మిగతా మొక్కల పత్రరంధ్రాల మాదిరిగా అవి తెరుచుకుని మూసుకోలేవు. కాబట్టి చుట్టూ తడి ఉంటే ఈ మొక్క తడిగా ఉంటుంది, చుట్టూ ఎండితే ఎండుతుంది. ఎండడం మాత్రం అన్నిటికీ చావు కాదు. బెరడు మీద పెరిగే జాతులు నెలకు పదిసార్లు ఎండి, పదిసార్లు తేరుకోగలవు. కణాల్లో నీరు దాదాపుగా పోయినా లోపలి యంత్రాంగం చెడకుండా పనిని ఆపి ఉంచుకోవడం వాటికి తెలుసు.

దీన్ని కళ్లారా చూడాలంటే రిక్సియా మంచి పాఠం. వానలు వెనకబడ్డాక కొన్ని జాతుల రేకుల అంచులు లోపలికి ముడుచుకుంటాయి. పాయల అడుగున ఉండే ముదురు ఊదారంగు పొలుసులు పైకి వచ్చి, మొక్క మొత్తం నల్లని పీచులా మారుతుంది. చూసినవారు అది చచ్చిందనుకుంటారు. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి భూతద్దం పట్టుకుని కూర్చుంటే, నిమిషాల్లోనే ఆ ముడుత విప్పుకోవడం మొదలవుతుంది. ముందు పాయ నడుమ గాడి కనిపిస్తుంది, తర్వాత ఆ గాడికి రెండు వైపులా పచ్చని ఒడ్డులు, చివరికి అంచు నేలకు ఒరుగుతుంది. ఒక మొక్క కదలికను మామూలు కంటితో ఇంత సూటిగా చూడగలిగే సందర్భాలు అరుదు.

ఆ పాయలనే ఇంకాస్త పరకాయించి చూస్తే నడుమ గాడి వెంట నల్లని చుక్కలు కనబడతాయి. అవి రిక్సియా సిద్ధబీజాల గూళ్లు, అంటే విత్తనాల బదులు కొత్త మొక్కలను పుట్టించే సూక్ష్మ రేణువులుండే గూళ్లు. మిగతా లివర్‌వర్టుల్లో చాలావరకు సిద్ధబీజాలను పైకెత్తి గాలికి వదులుతాయి. రిక్సియా మాత్రం వాటిని తన ఒంట్లోనే దాచుకుంటుంది. రేకు కుళ్లి మట్టిలో కలిసినప్పుడే అవి బయటపడతాయి. మిల్లీమీటరులో పదోవంతుకు కొంచెం అటూ ఇటూ ఉండే ఈ బీజాలు బ్రయోఫైట్ల లెక్కలో చాలా పెద్దవి. గాలి వాటిని దూరాలకు మోసుకుపోలేదు. అవి పడినచోటే మట్టిలో ఉండిపోతాయి, ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయి. ఈ ఒక్క విషయమే తోట దృష్టితో చూస్తే చాలా ముఖ్యమైనది. ఒక పెరట్లో ఈ ఏడాది కనిపించిన రిక్సియా బహుశా ఎక్కడినుంచో వచ్చింది కాదు. ఆ మట్టిలోనే, ఆ ఇల్లు కట్టకముందు నుంచి కూడా, తన వంతు కోసం కాచుకుని ఉండవచ్చు.

ఆకు లివర్‌వర్టులది ఇందుకు పూర్తిగా భిన్నమైన తీరు. వాటి సిద్ధబీజ గుళిక నెలల పాటు ఆకుల మధ్య దాక్కుని పక్వమవుతుంది. తడి కుదిరిన రోజున దాని కాడ గంటల్లోనే సాగిపోతుంది. అప్పటికే ఉన్న కణాలు నీరు నింపుకుని పొడవవడమే తప్ప కొత్త కణాలు పుట్టవు. గాజు పోగులా తెల్లని ఆ కాడ చివర నల్లపూసలాంటి గుళిక ఉంటుంది. అది ఎండి నాలుగు రెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల బీజాలతో పాటు మెలితిరిగిన స్ప్రింగుల్లాంటి తంతువులు ఉంటాయి. ఎండే కొద్దీ మెలి బిగుసుకుని, ఒక్కసారిగా విడివడి బీజాలను విసురుతాయి. ఒకటి రెండు రోజులకు కాడ వాలిపోతుంది. ఆ కొద్ది సమయం దాటితే చూడటానికి ఏమీ మిగలదు.

మార్కాంషియా సంగతి చెప్పకుండా ఈ విషయం ముందుకు సాగదు. ఎందుకంటే తోటల్లో లివర్‌వర్టు అనే మాటకు చెడ్డపేరు తెచ్చింది ఇదే. దాని రేకు మీద చిన్న గిన్నెలుంటాయి, అంచున పళ్లు పళ్లుగా కోసినట్టు ఉంటుంది. ఒక్కో గిన్నెలో పప్పుబద్దల్లాంటి పచ్చని బిళ్లలు పోగుపడి ఉంటాయి. వీటిని జెమ్మాలు అంటారు. ప్రతి జెమ్మా తల్లి మొక్కకు అచ్చు నకలు. గిన్నెలో ఉన్నంతకాలం అవి మొలకెత్తవు. వాన చుక్క గిన్నెలో పడితే ఆ తాకిడికి నీటితో పాటు చిమ్ముకుపోతాయి, ఒక్కోసారి మీటరు దూరం దాకా. పడిన జెమ్మాకు పైవైపు, కిందవైపు అని ముందుగా ఉండవు. ఏ పక్క వెలుతురుకు తగిలితే అది పైభాగం అవుతుంది, రెండో పక్క నుంచి తంతువులు నేలలోకి దిగుతాయి. ఎటు తిరిగి పడినా బతికే ఏర్పాటు ఇది. వాన చుక్కకూ, గొట్టంతో చిమ్మే నీటికీ తేడా దానికి తెలియదు. పైనుంచి నీళ్లు చల్లే ప్రతిసారీ తోటమాలి తనకు తెలియకుండానే ఈ బిళ్లలను పక్క కుండీల్లోకి నాటుతున్నాడు.

మరో పేరుమోసిన ప్రయాణికురాలు లూనులేరియా. దాని గిన్నె పూర్తి గుండ్రంగా ఉండదు, నెలవంక ఆకారంలో ఉంటుంది. పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది. మధ్యధరా ప్రాంతపు ఈ మొక్క గాజు ఇళ్లు, నర్సరీ కుండీల వెంట ప్రపంచమంతా తిరిగింది. చాలా చోట్ల అది సిద్ధబీజాలు వేయడం అరుదు. జెమ్మాలతోనే అంత దూరం వెళ్లింది. తోట లివర్‌వర్టుల్లో వలస వచ్చినదాన్నీ స్థానికంగా ఉన్నదాన్నీ విడదీసి చూడాలంటే ఈ ఉదాహరణ కళ్ల ముందు పెట్టుకోవాలి. కొన్న కుండీ మట్టి మీద కనిపించే లివర్‌వర్టు సాధారణంగా ఇలా నర్సరీల మధ్య తిరిగే రెండు మూడు జాతుల్లో ఒకటి. ఏ కుండీతోనూ సంబంధం లేని నేల మీద, గట్టు మీద, బెరడు మీద తనంతట తాను వచ్చినది స్థానిక జాతి కావడానికి అవకాశం చాలా ఎక్కువ. ఈ కొలబద్ద అన్నివేళలా నిలవదన్నదీ నిజమే. మార్కాంషియా చాలా ప్రాంతాల్లో స్థానికురాలే. అడవి కాలిపోయిన నేలను మొదట పచ్చగా కప్పే మొక్కల్లో అది ఒకటి. ఒకచోట సొంత మొక్క అయినదే కుండీలో కలుపు కూడా కాగలదు.

మరి దాని మీద ఉన్న ఫిర్యాదు ఎంతవరకు నిజం? కుండీల విషయంలో నిజమే. నత్రజని, భాస్వరం దండిగా వేసి, రోజూ పైనుంచి తడిపే కుండీలో మార్కాంషియా చాప అల్లినట్టు మట్టిని కప్పేస్తుంది. ఆ చాప మీద పడిన నీరు లోపలికి సరిగా దిగదు. నారుమళ్లలో, విత్తనాలు వేసిన పళ్లేల్లో ఇది సన్నని మొలకలను అణిచివేస్తుంది కూడా. అక్కడ దాన్ని పొరగా ఎత్తి తీసేయడం తప్పు కాదు. ఎరువును మట్టి పైపొర మీద చల్లకుండా లోపలికి అందించడం, నీళ్లు పోసే మధ్య పైపొర ఆరనివ్వడం, మట్టి మీద గరుకైన బెరడు ముక్కలో గులకరాళ్లో పరచడం చేస్తే అది మళ్లీ రావడం తగ్గుతుంది. మందు కొట్టాల్సిన అవసరం ఇంటి తోటలో దాదాపు రాదు.

ఈ జాతి స్వభావాన్ని వివరించే ఒక లోపలి సంగతి ఉంది. రేకు రూపపు లివర్‌వర్టుల్లో చాలావాటి ఒంట్లో శిలీంధ్రాలు కాపురముంటాయి. మొక్క చేసుకున్న పిండిపదార్థంలో అవి వాటా తీసుకుంటాయి, బదులుగా మట్టిలోంచి భాస్వరం వంటివి తెచ్చి ఇస్తాయి. వేళ్లు పుట్టకముందే మొదలైన పొత్తు ఇది. మార్కాంషియాలోనే ఒక దగ్గరి జాతి ఈ పొత్తును నేటికీ నిలుపుకుంది. తోటల్లో తిరిగే మార్కాంషియా పాలిమార్ఫా మాత్రం దాన్ని వదిలేసుకుంది. పోషకాలు పుష్కలంగా దొరికే చోట బతకడం నేర్చినదానికి సాయం చేసేవాడితో పంచుకోవాల్సిన పని లేదు. అందుకే ఎరువు పెంచిన కొద్దీ తోటలో ఈ ఒక్క జాతి విజృంభిస్తుంది, నిరుపేద మట్టికి అలవాటుపడిన చిన్న స్థానిక జాతులు తప్పుకుంటాయి. లివర్‌వర్టులు కలుపు అనే అభిప్రాయం చాలావరకు మన ఎరువు సంచిలోంచే పుట్టింది.

నేల మీది చిన్న జాతుల మీద వేసే నిందల్లో నిలిచేది ఒక్కటీ లేదు. అవి మట్టిని పులియజేయవు. మొక్కల వేళ్లతో పోటీపడేందుకు వాటికి వేళ్లే లేవు. రిక్సియా మందం మిల్లీమీటరు చుట్టుపక్కలే. దాని కిందినుంచి ఏ గడ్డి పరకైనా తేలిగ్గా పైకి వస్తుంది. బెరడు మీద పాకే జాతులు చెట్టు రసాన్ని తాగవు, బెరడును కేవలం కూర్చునే అరుగులా వాడుకుంటాయి. చెట్టు ఎండిపోతుంటే కారణం వేరే చోట వెతకాలి. ఇక అవి చేసే మేలు గురించి గొప్పలు చెప్పాల్సిన పని లేదు. అది చిన్న మేలే. కానీ నిజమైన మేలు. వాన చుక్క నేరుగా మట్టిని కొట్టకుండా అడ్డుపడతాయి. మూలతంతువులు మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. పొడి ప్రాంతాల నేలల మీద శైవలాలు, లైకెన్లు, మాస్‌లతో కలిసి ఏర్పడే సజీవ పొరలో రిక్సియాలూ భాగస్తులే. ఆ పొర చెదిరితే గాలికి మట్టి ఎగిరిపోతుంది.

ఆశ్రయం ఇవ్వడంలో మాత్రం వీటిది చిన్న పాత్ర కాదు. ఫ్రులానియా అనే ఆకు లివర్‌వర్టు చెట్ల బెరడు మీద రాగి రంగు జాలరులా పరుచుకుంటుంది. దాని ప్రతి ఆకుకూ అడుగున టోపీ బోర్లించినట్టు ఒక చిన్న సంచి ఉంటుంది. వాన పడినప్పుడు ఆ సంచిలో చుక్క నీరు నిలుస్తుంది. ఆ చుక్కలో రోటిఫర్లు కాపురం పెడతాయి. తల చుట్టూ చక్రాల్లా తిరిగే రోమాలతో నీటిలోని సూక్ష్మజీవులను లోపలికి లాక్కునే ప్రాణులు ఇవి. బెరడు ఎండితే అవీ మొక్కతో పాటే ఎండి ముడుచుకుంటాయి, తడిస్తే దానితో పాటే లేస్తాయి. అరచేతి వెడల్పు బెరడు మీద అలాంటి సంచులు వేలల్లో ఉంటాయి. బెరడును బ్రష్షుతో రుద్ది శుభ్రం చేసే అలవాటు ఉన్న తోటలో ఈ ఊరంతా ఒక్క పూటలో మాయమవుతుంది. ఆ శుభ్రత వల్ల చెట్టుకు ఒరిగేదేమీ ఉండదు.

వీటిని తినేవి తక్కువ. చాలా లివర్‌వర్టుల కణాల్లో తైలకోశాలు ఉంటాయి. పొర కట్టిన ఇలాంటి నూనె గూళ్లు మరే మొక్కల సమూహంలోనూ లేవు. కొన్ని జాతులను నలిపితే వచ్చే ఘాటైన వాసన వీటిదే. ఈ కోశాలు లేకుండా తయారుచేసిన మార్కాంషియాను ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే నేల పురుగులు ఇష్టంగా తినేశాయనీ, మామూలు మొక్కను అంతగా తినలేదనీ 2020లో వెలువడిన పరిశోధనలు చూపాయి. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫ్రులానియాలోని రసాయనాలు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తాయి. చెట్లు కొట్టే పనివారిలో ఇది ఎప్పటినుంచో తెలిసిన బాధ. చూడటానికి భూతద్దం చాలు, చేత్తో నలపాల్సిన అవసరం లేదు. కాలేయానికి మంచిదన్న పాత మాట నమ్మి నోట్లో వేసుకోవడం అసలే తగదు.

తోటలో చోటు ఇవ్వడం అనే ప్రశ్నకు జవాబు అన్ని జాతులకూ ఒకటి కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హైన్యో డ్యూరింగ్ 1979లో బ్రయోఫైట్ల జీవన వ్యూహాలను వర్గాలుగా విడదీశాడు. ఒక చివర, ఖాళీ నేల దొరికిన వెంటనే పెరిగి, పెద్ద బీజాలను మట్టిలో దాచి, ఏడాది తిరగకుండా ముగిసిపోయేవి ఉన్నాయి. రిక్సియాలో చాలా జాతులు ఈ బాపతు. రెండో చివర, ఒకే చోట ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగేవి ఉన్నాయి. బెరడు, రాతి మీది ఆకు జాతులు చాలావరకు ఇటువైపు వస్తాయి. మొదటి రకానికి కావలసింది చెదిరిన నేల, రెండో రకానికి కావలసింది ఎవరూ ముట్టని నిలకడ. ఒకే పద్ధతిలో రెండింటినీ కాపాడబోతే ఒకటి తప్పకుండా పోతుంది.

రిక్సియా ఉన్న చోటును కంచె వేసి, ఎవరినీ అడుగు పెట్టనివ్వకుండా కాపాడితే, రెండు మూడేళ్లలో అక్కడ మాస్ మందంగా అల్లుకుంటుంది, తర్వాత గడ్డి వస్తుంది, రిక్సియా కనుమరుగవుతుంది. దానికి ఏడాదికోసారి నేల పైపొర కొంచెం కదలాలి. అది కూడా సరైన వేళకు. మొక్క పచ్చగా ఉన్నప్పుడు గీకితే బీజాలు పండకముందే పోతుంది. రేకులు ఎండి మట్టిలో కలిసిపోయాక, వానలకు ముందు, చేతి బొరిగెతో పైపొరను అర అంగుళం కంటే లోతుకు వెళ్లకుండా కదిపితే చాలు. లోతుగా తవ్వితే బీజాలు వెలుతురు అందని అడుగుకు చేరతాయి. చాలా తోటల్లో దారుల పక్కన, మెట్ల అంచున, ఎప్పుడో ఒకప్పుడు కాలు పడే ఓరగా ఉన్న మట్టిలో రిక్సియా బాగుండటానికి కారణం ఇదే. అక్కడ ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయరు. అడుగులు ఆ పని చేసిపెడతాయి.

ఆ జాగా ఎలా ఉండాలన్నది చెప్పడం సులువే. చాప పరిచినంత నేల సరిపోతుంది. ఎరువు, కంపోస్టు వేయకూడదు, ఆకుల కప్పు పరచకూడదు. పైన రాలిన ఆకులు రోజుల తరబడి నిలిస్తే కింద ఉన్నది కుళ్లిపోతుంది, కాబట్టి వాటిని చేత్తో ఏరేయాలి, చీపురుతో ఊడ్చకూడదు. పొడవైన కలుపును వేళ్లతో లాగేయవచ్చు. బయటినుంచి కొత్త మట్టి తెచ్చి పోయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పాత మట్టిలోని బీజాల నిల్వ దాని కింద సమాధి అవుతుంది, కొత్త మట్టితో లూనులేరియా లాంటివి దిగుతాయి. నీళ్లు పోయాలనిపిస్తే వాననీరు మంచిది. లవణాలు ఎక్కువున్న నీరు ఎండిన కొద్దీ రేకుల మీద తెల్లని పొర వదులుతుంది. వేళ్ల ద్వారా వడగట్టుకునే వీలులేని మొక్కకు ఆ ఉప్పంతా నేరుగా ఒంటికే తగులుతుంది. రాగి కలిసిన తెగుళ్ల మందులు, మాస్ చంపడానికి అమ్మే ఇనుప సల్ఫేటు లాంటివి వీటికి విషమే. పక్క మొక్కకు కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి పడినా చాలు.

బెరడు మీది జాతులకు ఇందులో ఏదీ వర్తించదు. వాటికి కావలసింది వయసు మళ్లిన, గరుకు బెరడున్న చెట్టు, కాస్త నీడ, కాస్త తేమ, పొగ లేని గాలి. గాలిలోని గంధకపు డయాక్సైడు వీటికి సరిపడదు. మొక్కకు రక్షణ పొర లేదు, వేరు లేదు, గాలిలో ఏముంటే అది ఒంట్లోకి దిగుతుంది. ఊరి నడుమ రోడ్డు పక్కన చెట్టు మీద లేనిది, ఊరి చివర అదే జాతి చెట్టు మీద ఉంటే ఆశ్చర్యపడక్కర్లేదు. చెట్టును కొట్టేయాల్సి వస్తే, లివర్‌వర్టులున్న కొమ్మను నేలకు ఆనించకుండా నీడలో వంచి నిలబెడితే కొన్ని ఏళ్లు బతకవచ్చు. అంతకుమించి వాటికి ఎవరూ చేయగలిగింది లేదు, చేయాల్సిందీ లేదు.

అడవి నుంచి తెచ్చి తోటలో పెట్టాలన్న ఆశ సహజమైనదే, దాన్ని ఆపుకోవాలి. రాతి మీదినుంచి ఊడబెరికిన పొర కొత్త చోట చాలాసార్లు నెలలోపే నల్లబడిపోతుంది. ఎందుకంటే ఆ మొక్క అలవాటుపడింది ఆ రాతి ఆమ్లత్వానికి, ఆ వాలుకు, ఆ గంటలో పడే వెలుతురుకు. ఇక్కడ చావు, అక్కడ బోడి రాయి మిగులుతాయి. ఒకే తోటలో ఒక మూల నుంచి మరో మూలకు మార్చాల్సి వస్తే మాత్రం మట్టితో సహా పలచని పెచ్చుగా ఎత్తి, అదే ఎండ, అదే తడి ఉన్న చోట నేలకు గట్టిగా అదిమితే కుదురుకుంటుంది. తొట్టెల్లో, నీటి కుండీల్లో పెంచాలనుకునేవారికి రిక్సియా ఫ్లూయిటాన్స్ అనే నీటి జాతి ఉంది. జపాన్‌కు చెందిన తకాషి అమానో దాన్ని రాళ్లకు కట్టి అక్వేరియం అలంకరణలో ప్రసిద్ధం చేశాడు. అలాంటివాటిని బయటి చెరువుల్లో, కాలువల్లో పారబోయకూడదు. ముక్క తెగిన చోటల్లా కొత్త మొక్కయ్యే జాతి అది.

ఈ శ్రద్ధకు ఫలితం ఎలా తెలుస్తుందన్నది మిగిలిన ప్రశ్న. వానలు ఆగిపోయి నేల బూడిద రంగుకు తిరిగాక, ఆ చాపంత జాగాలో చూడటానికి ఏమీ కనబడదు. అక్కడ ఏదో ఒకటి నాటాలన్న తొందర కలిగేదీ అప్పుడే. ఆ సమయంలో ఎండిన రేకు తుంపునొకదాన్ని గోటితో ఎత్తి భూతద్దం కింద పెడితే, నడుమ గాడి వెంట నల్లని చుక్కల వరుస కనిపిస్తుంది. అక్కడక్కడ రేకు చివికిపోయి బీజాలు అప్పటికే మట్టిలోకి జారి ఉంటాయి. ఆ తుంపును తీసిన చోటే తిరిగి పెట్టేయాలి. మళ్లీ వానలు పడ్డాక మూడో వారానికో నాలుగో వారానికో, అదే చోట, గుండుసూది తల అంత పచ్చని చుక్కలు మొదట నాలుగైదు, ఆ పైన లెక్కపెట్టలేనన్ని తేలతాయి.